‘గ్రాండ్ ఇల్యూజన్’ బ్లూరేలో కనిపించే ఆ ఇసుక చుక్కల గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జాఁ రెన్వార్ తీసిన ఫ్రెంచ్ సినిమా ‘గ్రాండ్ ఇల్యూజన్’ పాత డీవీడీ మీ దగ్గర ఉంది. ఈమధ్య అదే సినిమా బ్లూరే స్నేహితుడి ఇంట్లో చూశారు. మొహాల మీద, గోడల మీద ఇసుక రేణువుల్లాంటి చుక్కలు కదులుతూ కనిపించాయి. తెరకి రెండు పక్కలా నల్ల పట్టీలు ఉన్నాయి. సీను మారే చోట బొమ్మ కాసేపు మసకబారి మళ్ళీ తేటపడుతోంది. మాటల వెనక సన్నగా ‘సుయ్’మనే శబ్దం వస్తోంది. రీస్టోర్ చేశామని అంత డబ్బు తీసుకుని ఇలా ఇస్తారా, కొనాలా వద్దా అని అడిగారు.

కొనండి. మీరు చెప్పిన నాలుగింటిలో ఒక్కటి కూడా డిస్కు లోపం కాదు. ఎందుకు కాదో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే ఇకమీదట ఏ పాత సినిమా డిస్కు కొనాలన్నా మీరే తేల్చుకోగలరు.

నేను ఇరవై ఏళ్ళకి పైగా ఫిల్మ్ స్కానింగ్, రీస్టోరేషన్ పనిలో ఉన్నాను. మొదట చెన్నైలో, తర్వాత హైదరాబాద్‌లో. ఈ సినిమా మీద నేను పని చేయలేదు. కానీ మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు ఈ సినిమా గురించే చెప్తాను. తెర మీద నడిచే కథ కాదు, ఆ సినిమా నెగటివ్ కథ. నెగటివ్ అంటే షూటింగ్‌లో కెమెరాలో నడిచిన అసలు ఫిల్ము, ప్రింట్లన్నీ దాని నుంచే వస్తాయి.

1937 జూన్‌లో పారిస్‌లో విడుదలైంది ఈ సినిమా. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి చిక్కిన ఫ్రెంచ్ అధికారుల కథ. యుద్ధం గురించిన సినిమాయే కానీ ఇందులో యుద్ధరంగం కనిపించదు. శత్రువులైన మనుషులు ఒకరినొకరు గౌరవించుకోవడమే దీని విషయం. నాజీలకి అది గిట్టలేదు. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ దీన్ని సినిమాల్లో తన మొదటి శత్రువు అన్నాడు. 1940లో జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టాక ఈ సినిమా ప్రింట్లు, నెగటివ్ స్వాధీనం చేసుకున్నారు. తర్వాత 1942లో మిత్రదేశాల బాంబుదాడిలో పారిస్ శివార్లలోని ఒక ల్యాబ్ దెబ్బతింది. నెగటివ్ అందులో కాలిపోయిందని చాలాకాలం అందరూ అనుకున్నారు. రెన్వార్ కూడా అదే నమ్మాడు. మిగిలి ఉన్న ప్రింట్లు సంపాదించి, ముక్కలు జతచేసి, 1958లో సినిమాని మళ్ళీ నిలబెట్టాడు. ఆ తర్వాత ముప్పై, నలభై ఏళ్ళు ప్రపంచం చూసింది దాదాపుగా ఆ రూపాన్నే.

కానీ నెగటివ్ కాలిపోలేదు. ఫ్రాంక్ హెన్సెల్ అనే జర్మన్ అధికారి దాన్ని బెర్లిన్‌లోని జర్మన్ ప్రభుత్వ ఫిల్మ్ ఆర్కైవ్‌కి పంపించాడు. 1945లో బెర్లిన్‌లో ఆ ఆర్కైవ్ ఉన్న భాగం సోవియట్ సైన్యం చేతికి వచ్చింది. డబ్బాలు మాస్కో చేరాయి, సోవియట్ ఫిల్మ్ ఆర్కైవ్ గాస్‌ఫిల్మోఫాండ్‌లో భాగమయ్యాయి. 1960ల మధ్యలో ఆ ఆర్కైవ్‌కీ, ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో కొత్తగా మొదలైన సినిమాథెక్‌కీ (సినిమాలు భద్రపరిచే సంస్థ) మధ్య సినిమాల మార్పిడి జరిగింది. అలా ఆ డబ్బాలు మళ్ళీ ఫ్రాన్స్ చేరాయి. అవి ఏమిటో మాత్రం ఎవరూ గుర్తించలేదు. పేరు తెలిసిన సినిమా, ప్రింట్లు బోలెడు ఉన్నాయి, ఇది కూడా ఇంకో కాపీ అనుకుని ఉంటారు. 1990ల మొదట్లో తులూజ్‌లోని నైట్రేట్ ఫిల్మును (త్వరగా అంటుకునే పాతకాలపు ఫిల్ము) పారిస్ దగ్గర బ్వా దార్సీలో ఉన్న ప్రభుత్వ ఆర్కైవ్‌కి తరలించేటప్పుడు, పరీక్షించి చూస్తే తేలింది: అది కెమెరాలో నడిచిన అసలు నెగటివ్.

రెన్వార్ 1979లో పోయాడు. తన సినిమా నెగటివ్ సొంత దేశంలోనే, ఒక అరలో, భద్రంగా ఉందని ఆయనకి తెలియనే లేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, రీస్టోరేషన్‌లో అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఏ సాఫ్ట్‌వేర్ వాడారని కాదు, ఎన్ని ‘కే’లో, అంటే ఎంత సూక్ష్మంగా, స్కాన్ చేశారని కాదు. ఏ ఫిల్ము నుంచి తీశారు? అంతే. కెమెరా నెగటివ్ నుంచి మాస్టర్ పాజిటివ్ తీస్తారు, దాని నుంచి డ్యూప్ నెగటివ్ (నకలు నెగటివ్), దాని నుంచి థియేటర్‌కి వెళ్ళే ప్రింటు. జిరాక్సుకి జిరాక్సు తీస్తున్న కొద్దీ అక్షరం అంచులు ఎలా చెదిరిపోతాయో మీరు చూసే ఉంటారు. ఇక్కడా అంతే. ఒక్కో మెట్టు దిగిన కొద్దీ నలుపులో ఉన్న వివరం పూర్తి నలుపైపోతుంది, తెలుపులో ఉన్న వివరం పూర్తి తెలుపైపోతుంది, మధ్యలో ఉండాల్సిన బూడిదరంగు ఛాయలు తగ్గిపోతాయి. ఒక్కో మెట్టులో కొత్త గ్రెయిన్, కొత్త గీతలు కూడా చేరతాయి. పైగా ప్రింటు ప్రొజెక్టర్‌లో వందల సార్లు తిరిగి వచ్చినది. మన చిన్నప్పుడు టూరింగ్ టాకీసుల్లో ‘బొమ్మలో వాన పడుతోంది’ అనేవాళ్ళే, ఆ వాన అదే. నెగటివ్ ప్రొజెక్టర్ మొహం చూడదు. జాగ్రత్తగా ఉంచితే డెబ్భై ఐదేళ్ళ తర్వాత కూడా అందులో ఎంత ఉందంటే, మొదటిసారి విడుదలైనప్పుడు థియేటర్‌లో చూసినవాళ్ళకి కూడా కనబడనంత.

నెగటివ్ లేని సినిమా పరిస్థితి తెలియాలంటే ఇదే దర్శకుడి తర్వాతి గొప్ప సినిమా ‘రూల్స్ ఆఫ్ ది గేమ్’ చూడండి. దాని నెగటివ్ నిజంగానే బాంబుదాడిలో పోయింది. దొరికిన డబ్బాల్లోంచి ఏరి 1959లో 106 నిమిషాల సినిమాగా కూర్చారు. ఎంత శ్రద్ధగా శుభ్రం చేసినా ‘గ్రాండ్ ఇల్యూజన్’లో కనిపించే తేట దానికి రాదు. లేనిదాన్ని ఎవరూ తేలేరు. మన తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’కైతే ఆ ముక్కలు కూడా మిగల్లేదు.

మీ దగ్గర ఉన్నది ఏ డీవీడీయో రాయలేదు. అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 1999లో ఇచ్చినదైతే అది కూడా ఈ నెగటివ్ ఫలితమే. వాళ్ళ డీవీడీల వరసలో ఈ సినిమాకి ఒకటో నంబరు కేటాయించారు, కానీ అంతకన్నా మంచి మూలం దొరికిందని తెలిసి ఆపి, దాని నుంచి మళ్ళీ తయారుచేశారు. అందుకే ఒకటో నంబరు డిస్కు మిగతా చాలావాటి తర్వాత బజారుకొచ్చింది. మీరు చూసిన బ్లూరే 2012 నాటిది. హక్కులున్న స్టూడియోకెనాల్ ఇటలీలోని బొలోన్యా నగరంలో ఉన్న ఇమాజినె రిత్రొవాతా ల్యాబ్‌లో అదే నెగటివ్‌ని 4కేలో కొత్తగా స్కాన్ చేయించింది. సత్యజిత్ రాయ్ అపు సినిమాల కాలిన నెగటివ్‌లని మళ్ళీ నిలబెట్టిన ల్యాబ్ అదే.

ఇప్పుడు చుక్కల సంగతి. వాటిని గ్రెయిన్ అంటాం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద ఉండేది వెండి. వెలుగు తగిలిన వెండి లవణపు స్ఫటికాలు డెవలపింగ్‌లో నల్లటి వెండి రేణువులుగా మారతాయి. ఆ రేణువుల గుంపులే బొమ్మ. హీరో జాఁ గాబాఁ మొహం అని మీరు చూస్తున్నది ఆ రేణువులు ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పడి ఉండటమే. ప్రతి ఫ్రేములో రేణువులు వేరే చోట పడతాయి కాబట్టి, సెకనుకి 24 ఫ్రేములు నడిచేసరికి అవి కదులుతున్నట్టు ఉంటాయి. కన్ను ఆ ఇరవై నాలుగింటినీ కలిపి చూసి చర్మం మీది నునుపు, బట్ట నేత, పొగ పల్చదనం గ్రహిస్తుంది. ఒక ఫ్రేము ఆపి చూస్తే కనిపించని వివరం నడుస్తున్నప్పుడు కనిపించడానికి కారణం అదే. మీ పాత డీవీడీలో చుక్కలు ఎందుకు లేవంటే, గ్రెయిన్‌ని చూపించేంత చోటు డీవీడీలో లేదు. 480 లేదా 576 గీతల్లో అది నలిగిపోయి, నునుపుగా అనిపిస్తుంది.

మరి సాఫ్ట్‌వేర్‌తో ఆ చుక్కలు తీసేయొచ్చు కదా అంటారు. తీయొచ్చు, ఒక్క బటన్ పని. కానీ రేణువులే బొమ్మ అయినప్పుడు, రేణువులు తీస్తే దాంతో పాటు బొమ్మ కూడా పోతుంది. చర్మం మైనం పూసినట్టు అవుతుంది, జుట్టు ముద్దగా అవుతుంది. నా అభిప్రాయంలో ఆ పొరపాటు జరిగిన పెద్ద సినిమా మార్సెల్ కార్నే తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ ప్యారడైజ్’. జర్మన్ ఆక్రమణలో ఉండగా తీసి 1945లో విడుదల చేసిన సినిమా అది. 2011లో ఎంతో ఖర్చుతో రీస్టోర్ చేశారు, గీతలు, మరకలు అన్నీ పోయాయి. కానీ గ్రెయిన్ కూడా బాగా తుడిచేశారు. ఆ బ్లూరేలో నటుల మొహాలు దగ్గరగా చూసినప్పుడు నాకు మనసు ఒప్పదు. ‘గ్రాండ్ ఇల్యూజన్’ వాళ్ళు ఆ పని చేయలేదు. అందుకు వాళ్ళకి నేను ఎప్పుడూ కృతజ్ఞుణ్ణి.

శుభ్రం చేయడం వేరు, తుడిచేయడం వేరు. ఈ తేడా నాకు ఒక తెలుగు సినిమా నేర్పింది. చాలా ఏళ్ళ క్రితం ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా మీద పని చేస్తున్నాం. తొందరగా ఇవ్వాలని దుమ్ము తీసే ప్రోగ్రాంని ఆటోమేటిక్‌గా రాత్రంతా నడిపించాం. దుమ్ము అంటే ఆ ప్రోగ్రాంకి తెలిసిందల్లా ఒక్కటే: ముందు ఫ్రేములో లేకుండా, తర్వాత ఫ్రేములో లేకుండా, ఈ ఒక్క ఫ్రేములో మాత్రం కనిపించే తెల్ల చుక్క. పొద్దున వచ్చి చూస్తే పెళ్ళి సీనులో వధూవరులు ఒకరి తల మీద ఒకరు ఖాళీ చేతులు తిప్పుతున్నారు. తలంబ్రాలు లేవు! గాల్లో పడుతున్న ప్రతి గింజనీ దుమ్ము అనుకుని తీసేసింది. ఆ సీను మొత్తం మళ్ళీ అసలు స్కాన్ నుంచి తెచ్చుకుని, ఫ్రేము తర్వాత ఫ్రేము, ఏది గింజ ఏది దుమ్ము అని కళ్ళతో చూసి తీశాం. వాన, మంచు, నిప్పురవ్వలు ఉన్న ప్రతి సీనుకీ ఈ ప్రమాదం ఉంటుంది. ‘గ్రాండ్ ఇల్యూజన్’ 114 నిమిషాల సినిమా, అంటే లక్షా అరవై నాలుగు వేలకి పైగా ఫ్రేములు. చివర్లో మంచు మైదానాలు. అక్కడ మంచు మంచులాగే ఉందంటే ఎవరో కూర్చుని చూశారన్నమాట.

దుమ్ము తీసే ముందు చేతిపని ఇంకా చాలా ఉంటుంది. నైట్రేట్ ఫిల్ము ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. పక్కనున్న చిల్లులు పాత కొలతలో ఉండవు, మామూలు యంత్రంలో పెడితే చిరిగిపోతుంది. అతుకులన్నీ ముందు చేత్తో సరిచేయాలి. తర్వాత స్కానర్. ఫిల్ము వెనక వైపు గీతలుంటే వాటికి ఒక ఉపాయం ఉంది: ఫిల్ము పదార్థం వెలుగుని ఎంత వంచుతుందో అంతే వంచే ద్రవంలో ముంచుతూ స్కాన్ చేస్తే, ద్రవం గీతల్లో నిండి అవి కనిపించకుండా పోతాయి. దీన్ని వెట్ గేట్ అంటాం. బొమ్మ ఉన్న వైపు లోతుగా గీసుకుపోతే మాత్రం ఆ ద్రవం ఏమీ చేయలేదు, అక్కడ వెండే లేదు కాబట్టి. మొదటిసారి వెట్ గేట్ పని చేయడం చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. నూనెలో వేసిన గాజుముక్క మాయమైనట్టు గీతలు మాయమవుతాయి.

ఇక మిగతా మూడు. సీను మారే చోట మసక ఎందుకంటే, ఆ కాలంలో ఒక సీను కరిగి ఇంకో సీనులోకి వెళ్ళే డిజాల్వ్‌ని ల్యాబ్‌లో తయారుచేసేవాళ్ళు. రెండు షాట్లనీ పాజిటివ్ తీసి, ఒకదాని మీద ఒకటి కలిపి కొత్త డ్యూప్ నెగటివ్ తీసి, ఆ ముక్కని అసలు నెగటివ్‌లో అతికించేవాళ్ళు. కాబట్టి కెమెరా నెగటివ్‌లోనే ఆ కొన్ని సెకన్లు డ్యూప్. డిజాల్వ్ అయిపోగానే మళ్ళీ అసలు నెగటివ్ వస్తుంది, బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది. మీ కన్ను అది పట్టుకుందంటే మీరు శ్రద్ధగా చూస్తున్నట్టే.

పక్కనున్న నల్ల పట్టీలని ముట్టుకోకండి. సినిమా తీసిన ఆకారమే దాదాపు నలుచదరం, వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు. 1080 గీతల ఎత్తులో అది సుమారు 1480 పిక్సెళ్ళ వెడల్పు వస్తుంది, మిగతాది ఖాళీ. టీవీ రిమోట్‌తో సాగదీస్తే మనుషులు లావైపోతారు. జూమ్ చేస్తే తలలు, కాళ్ళు తెగిపోతాయి. కెమెరామన్ క్రిస్టియాన్ మాత్రా ఒకే ఫ్రేములో ముందు ఒకరిని, కిటికీ అవతల దూరంగా ఇంకొకరిని పెట్టి తీశాడు. పైన, కింద కోస్తే ఆ అమరిక చెడిపోతుంది.

‘సుయ్’మనే శబ్దం ఫిల్ము అంచున వెలుగు గీతలుగా రాసిన ఆ కాలపు సౌండ్ ట్రాక్‌ది. కొంత తగ్గించారు, పూర్తిగా తీయలేదు. పూర్తిగా తీస్తే మాటల్లోని స, ష, శ శబ్దాలు కూడా మొద్దుబారతాయి. కోటలో ఖైదీలు తప్పించుకోవడానికి వీలుగా ఫ్రెంచ్ అధికారి బోల్దియూ గోడల పైకెక్కి సన్నటి పిల్లనగ్రోవి ఊదుతూ జర్మన్ల దృష్టిని తనవైపు లాక్కునే సీను గుర్తుందా? ఆ ఊపిరి వినిపించాలంటే ఆ సుయ్ కూడా కొంచెం భరించాలి. మీ పాత డీవీడీ ఐరోపాలో కొన్నదైతే ఇంకో సంగతి కూడా ఉంటుంది: అక్కడి పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు నడుపుతారు కాబట్టి 114 నిమిషాల సినిమా 109 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు కొంచెం కీచుగా మారతాయి. బ్లూరేలో 24 ఫ్రేములే, మనుషులు తమ సొంత గొంతుతో మాట్లాడతారు.

సబ్‌టైటిల్స్ గురించి మీరు అడగలేదు కానీ మనలాంటివాళ్ళకి ఈ సినిమాలో అది చాలా ముఖ్యం. ఇందులో పాత్రలు ఫ్రెంచ్, జర్మన్, ఇంగ్లీష్ మాట్లాడతాయి, కథ సగం భాషల మధ్యనే నడుస్తుంది. ఫ్రెంచ్ కులీనుడు బోల్దియూ, జర్మన్ కులీనుడు రాఫెన్‌స్టైన్ తమలో తాము ఇంగ్లీష్‌లోకి మారిపోతారు, చుట్టూ ఉన్న మామూలు సైనికులకి అర్థం కాకుండా. గాబాఁ వేసిన మరెషాల్ కార్మిక కుటుంబంవాడు, అతనికి ఇంగ్లీష్ రాదు. ఖైదీలు కష్టపడి తవ్విన సొరంగం పూర్తికావస్తుండగా వాళ్ళని వేరే క్యాంపుకి మారుస్తారు. కొత్తగా వస్తున్న ఇంగ్లీష్ ఖైదీకి ‘ఆ గదిలో సొరంగం ఉంది’ అని చెప్పాలని మరెషాల్ తాపత్రయపడతాడు, ఆ ఒక్క మాట చెప్పలేకపోతాడు. పాత ప్రింట్లలో సబ్‌టైటిల్స్ బొమ్మ మీదే తెల్లగా అచ్చయి ఉండేవి, తెల్లటి మంచు సీనులో చదవడం కుదిరేది కాదు. డిస్కులో అవి విడిగా వస్తాయి, కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది రీజియన్, అంటే ఏ దేశాల ప్లేయర్లలో డిస్కు నడుస్తుందో చెప్పే గుర్తు. బ్లూరేకి మన దేశం రీజియన్ సి, బ్రిటన్, ఫ్రాన్స్ బి, అమెరికా ఎ. డీవీడీల లెక్క వేరు, అందులో మనది 5. కొన్ని డిస్కులు అన్ని ప్లేయర్లలోనూ నడుస్తాయి, కొన్ని నడవవు. కవర్ వెనక గుర్తు చూడకుండా డబ్బు కట్టకండి. అమెరికాలో ఉన్న చుట్టాలతో తెప్పించుకునేవాళ్ళకి ఇక్కడ తరచుగా దెబ్బ తగులుతుంది. ఒకవేళ డిస్కు బదులు ఎక్కడైనా స్ట్రీమింగ్‌లో దొరికితే చూడండి, తప్పులేదు. కానీ గ్రెయిన్‌ని పంపడానికి చాలా డేటా కావాలి. స్ట్రీమింగ్‌లో అది పొదుపు చేస్తారు కాబట్టి రేణువులు గళ్ళుగళ్ళుగా ముద్దకడతాయి. అది చూసి ఎవరైనా చుక్కలు ఎక్కువ ఉన్నాయని బాధపడితే, ఆ బాధ న్యాయమే.

టీవీ సెట్టింగులు కూడా చూసుకోండి. మీ స్నేహితుడి టీవీలో గ్రెయిన్ అంత కొట్టొచ్చినట్టు కనిపించడానికి అదే కారణం అయి ఉండొచ్చు. షోరూముల్లో టీవీ షార్ప్‌నెస్ బాగా పెంచి పెడతారు. అది ప్రతి రేణువు చుట్టూ తెల్లటి అంచు గీస్తుంది. తగ్గించండి. నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే బొలోన్యాలో వాళ్ళు కాపాడినదాన్ని మీ ఇంట్లో టీవీ తుడిచేస్తుంది. కదలికని నున్నగా చేసే ఆప్షన్ ఏ పేరుతో ఉన్నా ఆపండి. పిక్చర్ మోడ్ ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్ మేకర్’ పెట్టండి. మొదట పది నిమిషాలు బొమ్మ డల్‌గా ఉందనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటు పడుతుంది. గదిలో లైటు తీసేయండి. తెరకి మరీ దగ్గరగా కూర్చోకండి.

డిస్కు రాగానే ఒక పని చేయండి. ఖైదీలు నాటకం వేయడానికి ఆడవాళ్ళ బట్టల పెట్టె తెప్పించుకునే సీను ఉంటుంది. ఒక కుర్ర సైనికుడు ఆ గౌను వేసుకుని వచ్చి నిలబడగానే గదిలో అందరూ మాట ఆపేస్తారు. ఆడదాని రూపం చూసి ఎన్ని నెలలైందో వాళ్ళకి. కెమెరా ఆ మొహాల మీదుగా నెమ్మదిగా కదులుతుంది. ఆ సీను ముందు మీ పాత డీవీడీలో చూడండి, తర్వాత బ్లూరేలో. డీవీడీలో వెనక వరసలో ఉన్నవాళ్ళు బూడిదరంగు మచ్చలు. బ్లూరేలో ఒక్కొక్కరికీ కళ్ళున్నాయి. ఆ తర్వాత గాబాఁ వేసుకున్న పైలట్ యూనిఫామ్ కూడా గమనించండి. అది సినిమా కోసం కుట్టించింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెన్వార్ స్వయంగా విమానంలో ఉన్నప్పుడు తొడుక్కున్నది. దాని నేత కనిపిస్తుంది.